అమర్చిన కండలు

మనుష్యుడు మడమలను పైకెత్తి మునివేళ్ళపై నిలుచునపుడు పిక్క ఒక్కసారిగా బిగిసి ఉబ్బును. మడమలు దింపగానే ఆ ఉబ్బు తగ్గి పిక్క మెత్తబడును. బాల్యమునుండి ప్రతివారును చూచుచున్న ఈ చిన్న మార్పులోనే కండరమనగా నేమో తెలియజేయు సంగతి ఇమిడియున్నది. అటువంటి పిక్కలోనికి మెత్తని సిలికోను ముక్క నొకదానిని దూర్చి, కండ పెరిగినట్లు కనిపింపజేయు శస్త్రచికిత్స ఇప్పటికి 4 దశాబ్దములకు పైగా పెక్కు దేశములలో జరుగుచున్నది. పిక్కలకే కాక పురుషుల రొమ్మునకు, పిరుదులకు, అరుదుగా భుజములకు, జబ్బలకు కూడ ఇట్టి అమరికలను వాడుచున్నారు. వ్యాయామ మక్కరలేకుండ కండలు తిరిగిన శరీరము లభించునను ప్రచారము దీని చుట్టు అల్లుకొన్నది. ఆ ప్రచారములో నిజమెంత? శాస్త్రము దీనిని ఎంతవరకు సమర్థించును? ఈ విషయము లన్నియు విద్యార్థులు, ముఖ్యముగా యౌవనములో అడుగిడుచున్న బాలురు, తెలిసికొనదగినవి.

కండరము చేయు పని

కండరము వేలకొలది తంతువుల కట్ట. ఒక్కొక్క తంతువులో ఆక్టిన్, మయోసిన్ అను మాంసకృత్తులతో నిర్మితమైన సన్నని పోగులు ఒకదాని సందున ఒకటి అమరియుండును. నాడి ద్వారా ఆజ్ఞ అందినపుడు ఈ పోగులు ఒకదాని ప్రక్కగా ఒకటి జారును. పోగులు పొట్టివి కావు. వాటి జారుడు వలన తంతువు పొట్టిదగును. ఈ సంగతిని 1954లో ఆండ్రూ హక్స్‌లీ, రాల్ఫ్ నీడర్‌గెర్కె ఒకవైపునను, హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ మరొకవైపునను విడివిడిగా వెల్లడించిరి.

అంతకు మూడువందల యేండ్ల క్రిందటివారు వేరొక విధముగా తలచిరి. కండరము ఉబ్బుటకు కారణము నాడులగుండ ఏదో వాయువో, ద్రవమో వచ్చి దానిలో నిండుటయే యని వారి నమ్మకము. 17వ శతాబ్దిలో హాలెండు దేశీయుడగు యాన్ స్వామ్మర్‌డామ్ ఈ నమ్మకమును పరీక్షకు పెట్టెను. ఆయన కప్ప కండరమును గాజు గొట్టములో నుంచి, గొట్టపు సన్నని కొనలో ఒక నీటిబొట్టును నిలిపెను. కండరములో క్రొత్త పదార్థము వచ్చి చేరినచో ఆ బొట్టు పైకి జరుగవలెను. కండరము ముడుచుకొన్నది గాని బొట్టు పైకి జరుగలేదు. కాబట్టి కండరము పొడవు తగ్గిన మేరకు లావగుచున్నదే తప్ప దాని ఘనపరిమాణము పెరుగుట లేదని తేలినది.

కండరపు బలము దాని అడ్డుకోత వైశాల్యముపై ఆధారపడును. ప్రతి చదరపు సెంటీమీటరునకు సుమారు 20 నుండి 30 న్యూటన్ల బలము లభించును. అనగా 2 లేక 3 కిలోగ్రాముల బరువును నిలుపగల బలమన్నమాట. వ్యాయామము చేయువానికి తంతువులు లావెక్కును. వాటిలో పోగుల సంఖ్య పెరుగును. కండరమును ఎముకకు కట్టియుంచు స్నాయుబంధనములు గట్టిపడును. ఎముక కూడ బలియును. భోజనము తరువాత రక్తములో చేరిన గ్లూకోసును ఇన్సులిన్ సహాయముతో అధికముగా గ్రహించునవి కండరములే. అందుచేత మధుమేహ రోగులకు వైద్యులు నడకను, వ్యాయామమును ప్రత్యేకముగా సూచింతురు.

దీనినిబట్టి కండర పరిమాణము ఒక ఫలితమని గ్రహింపవలెను. పని కారణము, పరిమాణము కార్యము. పొగను చూచి నిప్పున్నదని ఊహించుట మన తార్కికులు చెప్పిన అనుమాన ప్రమాణము. నిప్పు లేకుండ పొగను మాత్రము పుట్టించి, వంట యైనదని చెప్పినచో ఆకలి తీరదు. సిలికోను ముక్క ముడుచుకొనదు, బరువు నెత్తదు, గ్లూకోసును గ్రహింపదు. అది కండరపు ఆకారమునకు అనుకరణము మాత్రమే.

వాసెలిన్ నుండి సిలికోను వరకు

శరీరములో పరాయి పదార్థమును నింపి ఆకారము తెచ్చు ప్రయత్నము క్రొత్తది కాదు. 1899లో వియన్నా నగరమున రాబర్ట్ గెర్సునీ అను శస్త్రవైద్యుడు, ఒక రోగి శరీరమున వ్యాధివలన తొలగింపబడిన భాగమును పూరించుటకై వాసెలిన్‌ను సూదితో ఎక్కించెను. తొలుత ఫలితము బాగుగనే కనిపించినది. త్వరలోనే పారఫిన్ మైనమును ముక్కులకు, చెక్కిళ్ళకు, రొమ్ములకు ఎక్కించుట ఒక వాడుకగా మారినది. కొన్నేండ్లకు అసలు సంగతి బయటపడినది. మైనము మొదట ఉంచిన చోటునుండి జారినది. దాని చుట్టు గట్టి గడ్డలు కట్టినవి. చర్మము పుండ్లు పడినది. కొందరికి మైనపు తునకలు రక్తనాళములలో ప్రవేశించి చూపుకే మోసము తెచ్చినవి. వైద్యులు క్రమముగా ఆ పద్ధతిని విడిచిపెట్టిరి.

తరువాత వచ్చినది సిలికోను. ఇసుకలోని ముఖ్య మూలకమగు సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకటి విడిచి ఒకటిగా గొలుసు కట్టి, ఆ గొలుసుకు ఇరువైపుల మిథైల్ సమూహములు చేరినచో సాధారణ సిలికోను ఏర్పడును. గొలుసులు పొట్టివైనపుడు అది నూనె; ఒకదానితో ఒకటి ముడిపడినపుడు రబ్బరు. వేడికి చెడదు, రసాయనికముగ చురుకుదనము తక్కువ. ఈ గుణములవలన వైద్యులు దీనిని ఆదరించిరి. 1962లో అమెరికాలోని హ్యూస్టన్ నగరమున థామస్ క్రోనిన్, ఫ్రాంక్ గెరో అను వైద్యులు సిలికోను జెల్ నింపిన సంచిని మొదటిసారిగా ఒక స్త్రీ రొమ్మునందు అమర్చిరి. 1969లో అట్టి సంచినే పిరుదునకు వాడిన సంగతి వైద్యపత్రికలో ప్రకటితమైనది. 1979లో పిక్కల అమరికలను గూర్చిన నివేదికలు వెలువడినవి. 1990వ దశకపు ప్రారంభమున పురుషుల రొమ్ము కండరముల అమరికలు వైద్య రచనలలో చోటు సంపాదించినవి.

ఇక్కడ ఒక భేదమును గుర్తింపవలెను. స్త్రీల రొమ్మున వాడునది సాధారణముగా జెల్ లేక ఉప్పునీరు నింపిన సంచి. పురుషుల రొమ్మునకు వాడునది సాధారణముగా మెత్తని రబ్బరువంటి ఘన సిలికోను ముక్క. దానిలో నింపిన ద్రవమేదియు లేదు కావున అది పగిలి కారునను భయము లేదు. రొమ్ము విషయమున చంకలో కోత పెట్టి, పెద్ద రొమ్ము కండరము క్రింద చోటు చేసి, ముక్కను దూర్చుదురు. పిక్క విషయమున మోకాలి వెనుక మడతలో కోసి, పిక్క కండరమును కప్పియుండు గట్టి పొర క్రింద అమర్చుదురు. ఆ మడతలోనే కాలికి పోవు ముఖ్యమైన నాడులు, రక్తనాళములు ఉన్నవి.

శరీరము ఊరకుండదు

సిలికోను జడపదార్థమని, శరీరముతో దానికి జోక్యము లేదని ప్రచారకులు చెప్పుదురు. జోక్యము సిలికోనుకు లేకపోవచ్చును గాని శరీరమునకు కలదు. అమరిక లోనికి పోయిన కొద్ది నిమిషములలోనే దాని పైభాగమున రక్తములోని మాంసకృత్తులు అంటుకొనును. తరువాత తెల్ల రక్తకణములు, వాటి వెనుక స్థూలభక్షక కణములు వచ్చును. సూక్ష్మజీవులను మ్రింగివేయుట ఈ కణముల వృత్తి. అరచేయి అంతటి ముక్కను అవి మ్రింగజాలవు. అప్పుడవి అనేకము కలిసి ఒక్కొక్క పెద్ద కణముగా మారి దాని నంటిపెట్టుకొని యుండును. ఆపైన తంతుకణములు చేరి కొల్లాజెన్ అను గట్టి నారను పేని, అమరిక చుట్టు ఒక తొడుగు నల్లును. తొలగింపలేని శత్రువును గోడ కట్టి బంధించుట వంటిది ఈ క్రియ.

ఈ తొడుగు పలుచగా నున్నంతవరకు మేలే. అమరికను కదలకుండ పట్టియుంచును. కాని కొందరిలో ఆ తొడుగు మందమై, ముడుచుకొని, లోనిదానిని నొక్కును. మానుచున్న గాయము అంచులను దగ్గరకు లాగు శక్తియే ఇచట అపకారముగా మారును. అప్పుడు అమరిక గట్టిపడి, వంకరపోయి, నొప్పి పెట్టును. కండరము ముడుచుకొన్నపుడెల్ల ముక్కను నెట్టుచుండును గనుక అది ప్రక్కకు జరుగవచ్చును. కణజాలము ఒరసికొనుటచే దాని చుట్టు ద్రవము చేరవచ్చును.

సూక్ష్మజీవులు చేరినచో చిక్కు మరింత పెద్దది. అమరికలో రక్తనాళములు లేవు. మందులు గాని, తెల్ల రక్తకణములు గాని చేరునది రక్తము ద్వారానే. ఉపరితలముపై పొరగా పేరుకొనిన సూక్ష్మజీవులకు అది దాగుకొను కోట యగును. కావున సాధారణముగా అమరికను తీసివేసిన తరువాతనే ఆ వ్యాధి శమించును. పిక్కలో మరొక అపాయము కలదు. అచటి కండరములు సాగని పొరలతో గదులుగా విభజింపబడియున్నవి. ఆ గదిలో వాపు వచ్చి ఒత్తిడి పెరిగినచో రక్తప్రసారము ఆగి, అసలు కండరమే చచ్చిపోవచ్చును. ఇది అరుదు, కాని లేని కండను చూపబోయి ఉన్న కండను పోగొట్టుకొను అవకాశ మున్నదని తెలిసి యుండవలెను.

రెండు హెచ్చరికలు

వస్తువు మంచిదైనను దానిని తయారుచేయువారు మంచివారు కావలెను. ఫ్రాన్సు దేశమున పి.ఐ.పి. అను సంస్థ వైద్యమునకు ఆమోదింపబడిన జెల్‌కు మారుగా చౌకయగు పారిశ్రామిక సిలికోనును స్త్రీల అమరికలలో నింపి లోకమంతట అమ్మెను. 2010లో ఫ్రెంచి అధికారులు ఆ సరకును నిషేధించిరి. అప్పటికే దాదాపు 3 లక్షలమంది స్త్రీల శరీరములలో అవి చేరియున్నవి. 2013 డిసెంబరులో మార్సెయ్ నగర న్యాయస్థానము ఆ సంస్థ స్థాపకునికి 4 సంవత్సరముల కారాగారశిక్ష విధించెను.

రెండవది మోసము కాదు, ఆలస్యముగా తెలిసిన సత్యము. స్త్రీల రొమ్ము అమరికల చుట్టు అరుదుగా ఒకవిధమగు లింఫోమా అను కాన్సరు పుట్టవచ్చునని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2011లో హెచ్చరించినది. గరుకైన ఉపరితలము గల అమరికలకే ఈ వ్యాధితో ఎక్కువ సంబంధ మున్నదని తరువాత తేలినది. 2019 జూలైలో అలర్గన్ సంస్థ అట్టి తన అమరికలను ప్రపంచమంతట వెనుకకు తీసికొన్నది. మొదటి అమరిక 1962 నాటిదని గుర్తుంచుకొన్నచో, ఒక అపాయము స్పష్టపడుటకు అర్ధశతాబ్ది పట్టినదని తెలియును.

ఈ రెండును స్త్రీల అమరికలకు సంబంధించినవి. పురుషులకు వాడు ఘన సిలికోను ముక్కకు అవి యథాతథముగా వర్తింపవు. వర్తించునది వాటి పాఠము. కొన్ని లక్షలమంది వాడిన వస్తువు విషయముననే నిజము తెలియుటకు ఇంతకాలము పట్టినచో, అంతకంటె చాల తక్కువమంది వాడిన వస్తువును గూర్చి నిర్భయముగా హామీలిచ్చుట శాస్త్రీయము కాదు. భారతదేశమున వైద్య పరికరముల నియమావళి 2017లో వెలువడి, 2018 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. అమరిక అనుమతి పొందినదా, శస్త్రవైద్యుడు ప్లాస్టిక్ సర్జరీలో ప్రత్యేక పట్టము గలవాడా అని విచారించుట రోగి హక్కు.

వైద్యమగు చోటు

ఇంతమాత్రమున ఈ శస్త్రచికిత్స యంతయు నింద్యమని తీర్మానించుట తగదు. 1841లో లండను నగరమున ఆల్ఫ్రెడ్ పోలండ్ ఒక శవమును కోసి పరీక్షించుచు, ఒక ప్రక్క రొమ్ము కండరములో అధికభాగము పుట్టుకతోనే లేకుండుటను వర్ణించెను. ఆయన పేరనే ఆ లోపమును పిలుచుచున్నారు. అట్టివాని రొమ్ము ఒకవైపు నిండుగను, వేరొకవైపు గుంటగను ఉండును. పోలియో సోకినవాని కాలు, వంకరపాదముతో పుట్టి చికిత్స పొందినవాని పిక్క, రెండవదానికంటె సన్నముగా మిగిలిపోవును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014 మార్చి 27న భారతదేశమున్న ఆగ్నేయాసియా ప్రాంతమును పోలియోరహితముగా ప్రకటించినది. కాని అంతకు పూర్వము సోకినవారు నేటికిని మన నడుమ నున్నారు. రెండు కాళ్ళ భేదము కనబడకుండ చేసికొనవలెనని వారిలో నొకరు కోరినచో అది ఆడంబరము కాదు.

అచట కూడ ఆకారమునకు, పనికి గల భేదము మరువరాదు. సిలికోను పోలియో కాలికి నిండుదనము నిచ్చునే గాని నడక నీయదు. నడక నిచ్చునది వేరొక శస్త్రచికిత్స. పనిచేయుచున్న కండరపు స్నాయుబంధనమును విప్పి, చచ్చుబడిన కండరము చేయవలసిన చోట దానిని కట్టుదురు. అట్లే రొమ్ము లోపమునకు వీపునందలి కండరమును దాని రక్తనాళములతో సహా ముందునకు త్రిప్పి అమర్చు పద్ధతి కలదు. తన కండనే తనకు వాడుకొను ఈ మార్గము మన దేశమునకు పరిచితమైనది. నుదుటి చర్మమును త్రిప్పి, తెగిన ముక్కును పునర్నిర్మించిన పూనా ప్రాంతపు వైద్యుని కథనము 1794లో లండను పత్రికలో ప్రచురితమై ఐరోపా వైద్యులకు దారిచూపినది.

కోరిక ఎక్కడ పుట్టుచున్నది?

ఆరోగ్యవంతుడగు యువకుడు కండలను కొనగోరినపుడు సమర్థకులు రెండు మాటలు చెప్పుదురు. మొదటిది, పిక్క ఆకారము చాలవరకు వంశానుగతమనుట. ఇది నిజమే. కండ భాగము పొట్టిదై స్నాయుబంధనము పొడవుగా నున్నవానికి ఎంత వ్యాయామము చేసినను పిక్క క్రిందివరకు నిండదు. కాని పొడవైన స్నాయుబంధనము జబ్బు కాదు. వేగముగా పరుగెత్తువారిలో పలువురి పిక్కలు అట్టివే.

రెండవ మాట, మనశ్శాంతి. కోరిన ఆకారము వచ్చిన పిదప సంతృప్తి చెందినవారు ఉన్నారు. దానిని కాదనుట అన్యాయము. కాని ప్రశ్న మరొకటి కలదు. అమెరికా మనోవైద్యుడు హారిసన్ పోప్, ఆయన సహచరులు, 1997లో ఒక మనోవ్యాధిని వర్ణించిరి. బలిష్ఠుడై యుండియు తాను బక్కపలుచగా నున్నానని అద్దము ముందు కుమిలిపోవుట దాని లక్షణము. అట్టివానికి లోపము దేహములో లేదు, చూపులో నున్నది. కత్తి చూపును సరిదిద్దజాలదు. ఒకచోట నింపినచో బాధ మరొకచోటికి మారును. అందుచేతనే మంచి శస్త్రవైద్యులు ఇట్టివారికి కోత పెట్టక, ముందు మనోవైద్యుని వద్దకు పంపుదురు.

ఆ చూపు చెడుటకు పరిసరములును కారణమే. పోప్ బృందమే 1999లో అమెరికా బాలురు ఆడుకొను సైనికుని బొమ్మలను కొలిచినది. 1998 నాటి బొమ్మను 5 అడుగుల 10 అంగుళముల మనిషిగా పెంచి లెక్కించినచో జబ్బ చుట్టుకొలత దాదాపు 27 అంగుళములు వచ్చినది. పూర్వపు బొమ్మకు అందులో సగము కూడ లేదు. ఏ కసరత్తుకును లొంగని కొలత నొకదానిని బాలుని ముందుంచి, దానిని అందుకొనలేదని వానిని చింతింపజేయుట ఎంత అన్యాయము!

బాలురు ఒక సంగతి తెలిసికొన్నచో సగము చింత తీరును. యౌవనారంభమున మొదట పెరుగునది పొడవు. కండ, బలము అధికముగా పెరుగుట ఆ పిమ్మట, సుమారు ఒక సంవత్సరము వెనుకగా, జరుగును. కావున 15 యేండ్ల బాలుడు కర్రవలె పొడవుగా, సన్నముగా నుండుట లోపము కాదు. పెరుగుదలలో ఒక మజిలీ. మజిలీలో నున్నవానికి గమ్యము చేరలేదని శస్త్రచికిత్స చేయుట తొందరపాటు.

ధనము లేనివారు అంతకంటె ప్రమాదకరమైన అడ్డదారులు త్రొక్కుచున్నారు. కొన్ని వ్యాయామశాలలలో కండకు నూనె ఎక్కించు అలవాటు వ్యాపించినది. అది గెర్సునీ నాటి వాసెలిన్ కథయే మరల మొదలగుట. గడ్డలు, చీము, ఊపిరితిత్తులకు నూనెబొట్లు చేరుట దాని ఫలములు. వైద్యుని ప్రమేయము లేక వాడు స్టెరాయిడ్ మందులు నిజముగనే కండను పెంచును గాని గుండెను, కాలేయమును, సంతానశక్తిని చెరుచును.

శ్రీకాకుళము ప్రాంతపు బిడ్డ, 1942లో మరణించిన కోడి రామమూర్తి నాయుడు రొమ్ము చుట్టు బిగించిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచుటలో ప్రసిద్ధికెక్కెను. సిలికోను రొమ్ము నూలుపోగునైన తెంపజాలదు. పైన పటారము, లోన లొటారము అను సామెత దీనికి చక్కగా వర్తించును.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేయింపవచ్చును. టేపుతో పిక్క చుట్టుకొలతను పాదము నేలపై నున్నపుడు ఒకసారి, మునివేళ్ళపై నిలిచినపుడు ఒకసారి కొలిపింపవలెను. రెండు అంకెలను ప్రతి విద్యార్థియు తన పుస్తకమున వ్రాసికొనవలెను; ఒకరి అంకెను మరొకరి అంకెతో పోల్చుట అనవసరము. ఒక్కొక్కరి రెండు అంకెల నడుమ గల తేడాను మాత్రము చూడవలెను. ఆ తేడా పిక్క చేసిన పనికి గురుతు. సన్నని పిక్కలోను అది కనబడును. సిలికోను ముక్క దానిని కలిగింపజాలదు.